సరిపడా నిద్రపోయినా తీరని నీరసం: కారణం పట్టుకునే క్రమం

రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలంతా నీరసంగానే ఉంటోంది అనేవాళ్లు మామూలుగా మొదట చేసే పని మల్టీవిటమిన్ మాత్రలు కొనడం, రెండోది ఇంకో కప్పు కాఫీ పెంచడం. మొదటిదానివల్ల చాలామందికి ఒరిగేదేమీ ఉండదు. రెండోది అసలు సమస్యనే ముదరబెట్టొచ్చు. ఈ నీరసానికి కారణాలు పదుల్లో ఉన్నాయి గానీ వాటిని వెతకడానికి ఒక వరస ఉంది. ముందు నిద్రను లెక్కగట్టాలి. తర్వాత మీకున్నది నిద్రమత్తా, ఒంట్లో సత్తువ లేకపోవడమా అన్నది తేల్చుకోవాలి. రక్తపరీక్షలు ఆ తర్వాత.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఈ వరస పక్కనపెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, రెండు మూడు వారాలైనా వదలని జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసిపోయేంత చెమట, తారులా నల్లటి మలం, మెడలోనో చంకలోనో గడ్డలు, కొత్తగా మొదలైన ఆయాసం, కాళ్ల వాపు ఈ కోవలోవి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. బండి నడుపుతుండగా కళ్లు మూతపడిన సందర్భం ఒక్కటున్నా కారణం తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం లాంటివి ముంచుకొచ్చే నిద్రను ఆపలేవు.

పడక మీద గడిపిన టైం నిద్ర కాదు

రెండు వారాలపాటు ఒక చిన్న డైరీ రాయండి. పొద్దున లేచాక రెండు నిమిషాలు చాలు. లైటు ఆర్పిన టైం, నిద్ర పట్టడానికి పట్టిన టైం, మధ్యలో మెలకువగా ఉన్న నిమిషాలు, చివరిసారి మెలకువ వచ్చిన టైం, మంచం దిగిన టైం రాసుకోవాలి. ఇవన్నీ అంచనాగా రాస్తే చాలు. అర్ధరాత్రి గడియారం చూసి లెక్కపెట్టడం మొదలుపెడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. పగటి కునుకులు, టీ కాఫీలు తాగిన టైములు, వేసుకున్న మందులు, ఆడవాళ్లయితే నెలసరి తేదీలు కూడా చేర్చండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మీ ఓపికకు పదికి ఎన్ని మార్కులో వేయండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 11కి పడుకుని 7కి లేచారు, అంటే పడక మీద 8 గంటలు. నిద్ర పట్టడానికి 40 నిమిషాలు, మధ్యలో మెలకువలు కలిపి 50 నిమిషాలు పోతే మిగిలింది ఆరున్నర గంటలే. పడక టైంలో ఇది 81 శాతం. 85 శాతం దాటితే నిద్ర బాగున్నట్టు లెక్క. అంతకంటే తగ్గితే ‘సరిపడా నిద్రపోతున్నాను’ అన్న మాట దగ్గరే తేడా ఉంది. చేతి గడియారాలు చూపించే నిద్ర అంకెలను మరీ నమ్మొద్దు. కదలకుండా మెలకువగా పడుకున్న టైంను కూడా అవి తరచూ నిద్రకిందే రాసేస్తాయి. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు అని అవి చెప్పే లెక్క ఇంకా వదులు.

పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు అనే సలహా అందరికీ సరిపోదు. కొందరికి నిజంగానే 9 గంటలు కావాలి. సెలవు రోజుల్లో అలారం లేకపోతే రెండు గంటలు ఎక్కువ పడుకుంటున్నారా? అయితే రెండు వారాలు రోజూ ఒక గంట ముందు పడుకుని చూడండి. లేచే టైం మార్చొద్దు. మార్కులు పెరిగితే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. ఖర్చులేని పరీక్ష ఇది, అయినా జనం దీన్నే చివరికి వదిలేస్తారు.

మత్తా, సత్తువ లేకపోవడమా

ఖాళీగా కూర్చోబెడితే మీరు నిద్రలోకి జారుకుంటారా? లేక ఒళ్లంతా పీకేసినట్టున్నా పడుకుంటే నిద్ర రాదా? ఈ రెండింటి దారులు వేరు. మొదటిదైతే రాత్రి నిద్రలోనో, మందుల్లోనో కారణం వెతకాలి. రెండోదైతే రక్తంలో, హార్మోన్లలో, మనసులో, లేదా ఈమధ్య తగ్గిన జబ్బులో వెతకాలి.

దీన్ని కొలవడానికి ఎప్‌వర్త్ స్కేల్ ఉంది. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ దీన్ని 1991లో ప్రచురించారు, ఇప్పటికీ నిద్ర క్లినిక్‌లలో వాడేది ఇదే. ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేయాలి. అసలు పట్టకపోతే 0, తప్పకుండా పట్టేలా ఉంటే 3.

1. కూర్చుని చదువుతున్నప్పుడు
2. టీవీ చూస్తున్నప్పుడు
3. మీటింగ్‌లోనో, సినిమా హాల్లోనో ఊరికే కూర్చున్నప్పుడు
4. గంటసేపు ఆగకుండా కారులో వెనక కూర్చుని వెళ్తున్నప్పుడు
5. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినప్పుడు
6. కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు
7. మధ్యాహ్నం భోంచేసి, మద్యం తాగకుండా, నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు
8. కారు ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు ఆగినప్పుడు

మొత్తం 24కి 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువగా ఉన్నట్టు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకచోట. ‘ఆ టైంలో నాకు అలసటగా ఉంటుంది’ అనుకుని 3 వేసేస్తారు. అడిగింది అలసట గురించి కాదు, కునుకు పట్టడం గురించి. ఇంకో సంగతి, ఆరో ప్రశ్నకూ ఎనిమిదో ప్రశ్నకూ 2 గానీ 3 గానీ వచ్చిందంటే మొత్తం ఎంతైనా సరే తేలిగ్గా తీసుకోకండి.

మత్తు ఎక్కువైతే

మొదట అనుమానించాల్సింది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుంటుంది, ఊపిరి 10 సెకన్లో అంతకుమించో ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోయేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఈ మెలకువలు కొన్ని సెకన్లవే కాబట్టి పొద్దునకు ఒక్కటీ గుర్తుండదు. డైరీలో ‘ఎనిమిది గంటలు హాయిగా పడుకున్నా’ అనే రాసి ఉంటుంది.

పక్కన పడుకునేవాళ్లుంటే వాళ్లనడగండి. లేకపోతే ఫోన్‌ను మీటరు దూరంలో పెట్టి రాత్రంతా గొంతు రికార్డు చేయండి. వినాల్సింది గురక ఎంత గట్టిగా ఉందని కాదు. గురక పెరుగుతూ పోయి ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై గాలి పీల్చుకున్న చప్పుడు ఉందా అన్నది ముఖ్యం. దీనితోపాటు ఆప్నియా ముప్పును అంచనా వేసే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నావళి ఉంది: గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. ఎనిమిదిలో మూడుంటే అనుమానించాలి, అయిదుంటే ముప్పు ఎక్కువ. సన్నగా ఉన్నవాళ్లకు రాదనుకోవడం తప్పు. దవడ చిన్నగా, వెనక్కి ఉన్నా వస్తుంది. ఆడవాళ్లలో గట్టి గురక కంటే పొద్దున తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం, పగటి నీరసం ముందు కనిపిస్తాయి, అందుకే వాళ్లలో ఇది చాలాకాలం బయటపడదు.

తేల్చేది నిద్ర పరీక్షే. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు ఉండే పరికరంతో ఇంట్లోనే ఒక రాత్రి చేయొచ్చు. రిపోర్టులో చూడాల్సిన అంకె ఏహెచ్‌ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది. 5 లోపు మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇంటి పరీక్షలో ఒక లోపం ఉంది. మీరు నిద్రపోయారా, మేలుకునే ఉన్నారా అన్నది చాలా పరికరాలకు తెలియదు. సగం రాత్రి మేలుకున్నా దాన్ని కూడా లెక్కలో కలిపి భాగిస్తాయి, అంకె తగ్గిపోతుంది. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్ష మామూలుగా వస్తే అక్కడితో వదిలేయకుండా ల్యాబ్‌లో చేయించుకోవాలి.

ఆప్నియాకు, మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే సీప్యాప్ యంత్రం పెట్టుకోమంటే, వారంలోపే మూలన పడేసేవాళ్లు చాలామంది. ఎక్కువగా కారణం మాస్క్ సైజు సరిపోక గాలి కారడం, లేదా నోరు తెరుచుకుని ఎండిపోవడం. మాస్క్ రకం మార్పించుకోవడం, తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టుకోవడంతో ఈ రెండూ చాలావరకు సర్దుకుంటాయి. మొదటి వారం పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే రాత్రి తేలికవుతుంది. స్వల్పంగా ఉన్నవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం కూడా బాగా పనిచేయొచ్చు. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి.

రెండో అనుమానం కాళ్ల మీద. సాయంత్రమయ్యేసరికి పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కదపకుండా ఉండలేనట్టు అనిపించి, లేచి నడిస్తే తగ్గుతోందా? ఇది రెస్ట్‌లెస్ లెగ్స్. ఒంట్లోని ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్ అనే రక్తపరీక్ష అంకె 75 లోపుంటే ఐరన్ ఇస్తే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. అలర్జీ మందుల్లో కొన్ని, డిప్రెషన్ మందుల్లో కొన్ని దీన్ని పెంచుతాయి.

మందుల జాబితా కూడా ఒకసారి చూసుకోండి. జలుబు, దురద మాత్రల్లో ఉండే పాతతరం అలర్జీ మందులు, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ మర్నాటి దాకా మగతను లాక్కొస్తాయి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు మత్తు కంటే నిస్సత్తువను ఎక్కువగా ఇస్తాయి. మీ అంతట మీరు ఆపేయొద్దు. బీటా బ్లాకర్‌ను ఉన్నపళంగా ఆపితే గుండెకు ప్రమాదం. మోతాదు, వేసుకునే టైం, మందు రకం, వీటిలో ఏది మార్చొచ్చో డాక్టర్‌నే అడగండి.

నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోవడం, పగలు ఆపుకోలేని నిద్ర తరుముకు రావడం ఉంటే నార్కొలెప్సీ, అంటే నిద్రను, మెలకువను మెదడు అదుపు చేయలేని జబ్బు కావచ్చు. అరుదే, కానీ ఇది నిద్ర నిపుణులకు మాత్రమే అప్పగించాల్సిన పని.

సత్తువ లేకపోతే: రక్తపరీక్షలు

పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), బీ12, క్రియాటినైన్ (కిడ్నీల పరీక్ష), సోడియం, పొటాషియం, క్యాల్షియం, లివర్ ఎంజైములు, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్‌లను పట్టిచ్చేది) చాలు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ పరీక్ష కూడా చేసుకోవాలి. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి, థైరాయిడ్ అంకెలను అది తారుమారు చేస్తుంది. బీ12 శాంపిల్ ఇవ్వకముందే విటమిన్ మాత్రలు మొదలుపెడితే ఫలితం ఏం చెబుతోందో ఎవరికీ అర్థం కాదు.

అన్నిటికంటే ఎక్కువగా చేజారేది ఐరన్ లోపం. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల లోపుంటే రక్తహీనత అంటారు. ఒంట్లోని ఐరన్ నిల్వలు మాత్రం హిమోగ్లోబిన్ తగ్గడానికి చాలా ముందే ఖాళీ అవుతాయి, నీరసం అప్పుడే మొదలవుతుంది. అందుకే ‘హిమోగ్లోబిన్ 12.4, బాగానే ఉంది’ అన్న మాటతో తృప్తిపడకుండా ఫెరిటిన్ చూడాలి. 15 నానోగ్రాముల లోపైతే లోపం ఖాయం. 30 లోపున్నా చాలామంది వైద్యులు లోపంగానే చూస్తారు. ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ గీత ఇంకా కిందికి ఉండొచ్చు కాబట్టి అంకెనే చదవండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ, వాపు గానీ ఉంటే ఫెరిటిన్ లేనిపోని విధంగా పెరుగుతుంది. పక్కనే సీఆర్‌పీ చేయించేది ఇందుకే.

మాత్ర కొనేటప్పుడు లేబుల్ మీద మొత్తం మిల్లీగ్రాములు కాదు, అసలు ఐరన్ ఎంతో చూడాలి. 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఐరన్ 35 మిల్లీగ్రాములే. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో దాదాపు 65 ఉంటుంది. 60 మిల్లీగ్రాములకు అటూఇటూ ఉన్న మోతాదు రోజు విడిచి రోజు సరిపోతుంది. ఒక మోతాదు వేయగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు పేగుల తలుపులు మూస్తుంది. అందుకే రోజుకు రెండు మూడు వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ, కడుపునొప్పి, మలబద్ధకం మాత్రం ఎక్కువ. ఖాళీ కడుపున, విటమిన్ సీ ఉన్న పండుతోనో రసంతోనో వేసుకుంటే మేలు. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్రలకు గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. మలం నల్లబడితే కంగారుపడొద్దు, అది ఐరన్ రంగే. తారులా జిగటగా, విపరీతమైన కంపుతో ఉంటే మాత్రం వేరే సంగతి.

నెలలోపే ఓపిక మెరుగైందని ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ఐరన్ ఎందుకు తగ్గింది అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు రావాల్సిందే. నెలసరి రక్తస్రావం ఎక్కువా? మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఐరన్ లోపం కనిపిస్తే కడుపులోనో, పేగుల్లోనో రక్తం పోతోందేమో చూపించుకోవాలి. మాత్ర మింగి ఊరుకుంటే పుండో, కణితో దాక్కునే ఉంటుంది. ఫెరిటిన్ చూడకుండా ఐరన్ వాడటం కూడా మంచిది కాదు, ఎక్కువైతే అది కాలేయంలో పేరుకుంటుంది. పిల్లల చేతికి అస్సలు అందనివ్వొద్దు.

బీ12 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం, 200 నుంచి 300 మధ్య అనుమానాస్పదం. మాంసాహారం, పాల పదార్థాలు తిననివాళ్లలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ గానీ, గ్యాస్ మాత్రలు గానీ వాడేవాళ్లలో ఎక్కువ. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే ఇంజెక్షన్లు ఆలస్యం చేయకూడదు. ఒట్టి ఫోలిక్ యాసిడ్ వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

టీఎస్‌హెచ్ 10 దాటితే చికిత్స దాదాపు ఖాయం. 4 నుంచి 10 మధ్య ఉంటే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి, చాలామందికి దానంతటదే దిగుతుంది. ఆ మధ్య అంకెకే మాత్ర మొదలుపెట్టినా నీరసం తగ్గనివాళ్లే ఎక్కువ, అక్కడ వెతకడం ఆపేయడం వల్లే నష్టం. హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం ఉంటే నిద్ర చెడటానికీ అదే కారణం కావచ్చు. విటమిన్ డీ గురించి మోత ఎక్కువ. 20 లోపుంటే ఎముకల కోసం సరిచేసుకోవాల్సిందే గానీ, నీరసం దాంతోనే పోతుందని ఆశపెట్టుకోవద్దు.

పరీక్షలన్నీ బాగుంటే మనసు వైపు చూడాలి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోవడం, దిగులుగా ఉండటం ఎంత తరచుగా జరిగిందో ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేసుకోండి. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ కోసం డాక్టర్‌ను కలవాలి. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం దీని గుర్తుల్లో ఒకటి. ‘నాకేం దిగులు లేదు, ఒట్టి నీరసమే’ అనేవాళ్లలోనూ ఇది ఉంటుంది.

ఈలోగా మార్చుకోవాల్సినవి

కాఫీలోని కెఫీన్ సగం దిగడానికే సగటున అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదుకు తాగిన కప్పులో సగం రాత్రి పదికీ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టినా లోతు తగ్గుతుంది, పొద్దున బరువుగా లేస్తారు, మళ్లీ కాఫీ. మధ్యాహ్నం పన్నెండు తర్వాత మానేసి రెండు వారాలు చూడండి. రోజుకు నాలుగైదు కప్పుల అలవాటుంటే ఒక్కసారిగా ఆపొద్దు, మర్నాటికల్లా తలనొప్పి మొదలై వారం దాకా ఉండొచ్చు. రెండు మూడు రోజులకోసారి పావు వంతు చొప్పున తగ్గించండి. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది.

లేచే టైం సెలవు రోజైనా గంటకు మించి మారకూడదు. లేచిన గంటలోపు ఇరవై ముప్పై నిమిషాలు ఆరుబయట వెలుతురులో ఉండండి, మబ్బు పట్టినా బయటి వెలుతురు ఇంట్లో లైట్లకంటే చాలా ఎక్కువ. లేవగానే ఉండే మొద్దుతనం అరగంట దాకా సహజమే. ఆ అరగంటను బట్టి నిద్ర సరిపోలేదని తీర్పు చెప్పొద్దు. పగలు కునుకు తీస్తే మూడింటిలోపు, 20 నిమిషాలు మించకుండా తీయండి.

నీరసంగా ఉన్నవాళ్లకు నడవమని చెప్తే కోపం వస్తుంది, కానీ బద్ధకపు జీవితం వల్ల వచ్చిన నీరసానికి తేలికపాటి నడకే మందు. వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో ఆరు వారాలు చేయండి.

నడిస్తే ఇంకా కూలబడితే

నడక మొదలుపెట్టే ముందు ఒకటి గమనించండి. కాస్త శ్రమపడిన మర్నాడో, మూడోనాడో పూర్తిగా మంచానపడి, కోలుకోవడానికి రోజులు వారాలు పడుతుంటే ఇది మామూలు నీరసం కాదు. వైరల్ జ్వరం గానీ కోవిడ్ గానీ వచ్చిపోయాక ఇలా మొదలై నెలల తరబడి ఉంటే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనుమానించాలి. దీనికి వారం వారం వ్యాయామం పెంచుకుంటూ పోవడం కీడు చేస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ అలాంటి కార్యక్రమాలు ఇవ్వొద్దని 2021లో స్పష్టంగా చెప్పింది.

ఇలాంటివాళ్లు డైరీని మరోలా వాడుకోవాలి. ఏ పని ఎంతసేపు చేస్తే మర్నాడు కూలబడలేదో చూసి, దానికంటే కాస్త తక్కువకు హద్దు పెట్టుకోవాలి. ఒంటిపనే కాదు, గంటసేపు ఫోన్‌లో మాట్లాడటం, లెక్కలు చూడటం కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. నలభై నిమిషాల వంటను పదేసి నిమిషాల చొప్పున, మధ్యలో పడుకుని లేస్తూ చేయడం, స్నానం కుర్చీలో కూర్చుని చేయడం దీనికి పనికొచ్చే మార్పులు. బాగున్న రోజున పేరుకున్న పనులన్నీ ఒకేసారి చేసేయాలనిపిస్తుంది, ఎక్కువమంది దెబ్బతినేది ఆ రోజునే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘ఎప్పుడూ నీరసంగా ఉంటోంది’ అనకుండా, ‘అరగంట నడిచిన మర్నాటి నుంచి మూడు రోజులు లేవలేకపోయాను’ అని డైరీలోని తేదీలతో చెప్పండి.